కానుకల తట్టలో పంపు

శౌరమ్మ ఏడుస్తోంది. ఫాదర్ గారు ఇంకా పేరు చదవనే లేదు, అప్పుడే మొదలుపెట్టింది. ఆడవాళ్ల వైపు మొదటి చాప మీద కూర్చుని, పటమట నుంచి కట్టుకొచ్చిన తెల్లచీర కొంగు నోట్లో కుక్కుకుని, భుజాలు ఎగరేస్తూ ఏడుస్తోంది. పక్కింటి రూతు దాని వీపు నిమురుతోంది. నిమరకు రూతూ. అది నా అక్క, దాని ఏడుపు నీకంటే నాకు బాగా తెలుసు. ఈ గుడి పక్కనున్న బళ్లోనే ఇద్దరం చదివాం, చదివిన నాలుగు ముక్కలూ. నా పలక పగలగొట్టింది అదే, ముందుగా ఏడ్చింది అదే, దెబ్బలు తిన్నది నేను. ముందుగా ఏడ్చినవాళ్లను ఎవరూ ఏమీ అడగరని దానికి అప్పుడే తెలుసు. ఇప్పుడూ అంతే. నా భార్య సంవత్సరీకం పూజ ఇది. తెరేసమ్మ పోయి ఏడాది. మొగుణ్ణి, మగవాళ్ల వైపు గోడకానుకుని కూర్చున్నాను, కంట్లో చుక్క లేదు. ఊరంతా చూస్తోంది, జక్కయ్యది రాతిగుండె అనుకుంటోంది. అనుకోనీ. నా మోకాలి పక్కన తువ్వాల్లో చుట్టిన మూట ఉంది. చెయ్యి దాని మీద నుంచి తియ్యడం లేదు. అందులో ఉన్నదేంటో ఈ గుడిలో ముగ్గురికే తెలుసు. నాకు, శౌరమ్మకు, నా కూతురు మార్తకు. అది గుడికొచ్చిన సంగతి మాత్రం వాళ్లిద్దరికీ తెలియదు.

పొద్దున్నే చప్పుడు విన్నాను. కిస్స్ మని ఒకటి, ఆగి, మళ్లీ కిస్స్. ఎవరో సైకిలుకు గాలి కొడుతున్నట్టు. ఆ చప్పుడు నాకు కొత్త కాదు. తెరేసమ్మ బతికున్నప్పుడు ఆదివారాలు తెల్లారగట్ల దొడ్లోంచి వినిపించేది. ఇబ్రహీంపట్నంలో కరెంటు ప్లాంటు కడుతుంటే అక్కడ తాపీ పని నాది, శనివారం రాత్రి బస్సుకు ఇంటికి వచ్చేవాణ్ణి, ఒళ్లంతా సిమెంటు, పడుకుంటే చచ్చిన నిద్ర. ఆ మగతలో విని, పక్కింటి రూతు మొగుడు పామర్రు బయల్దేరుతున్నాడు, సైకిలుకు గాలి కొట్టుకుంటున్నాడు అనుకునేవాణ్ణి. రూతు మొగుడికి సైకిలుంది. మాకు లేదు. మాకు లేని సైకిలుకు పంపు మా దొడ్లో ఎందుకుంటుందని మనిషన్నవాడికి తడుతుందా. ఇవాళ మాత్రం చప్పుడు వినగానే లేచాను. తాటాకుల దడి అవతల నుంచే వస్తోంది. మార్తా అని కేక వేశాను. చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి వచ్చింది, తల వంచుకుని, వోణీ కింద ఏదో దాచుకుని. ఇరవై ఏళ్ల పిల్ల, ఎన్నడూ నా ముందు తల వంచుకోలేదు. ఏంటది అన్నాను. అత్త ఇచ్చింది నాన్నా అంది. ఇవ్వమని చెయ్యి చాపాను. ఇచ్చింది. సైకిలు పంపు. దానికి రబ్బరు గొట్టం. గొట్టం కొసన నున్నగా గీకిన కొబ్బరి చిప్ప, అంచు చుట్టూ సైకిలు ట్యూబు ముక్క అంటించి ఉంది. పంపు పిడికి ఆకుపచ్చ రంగు. ఆ ఆకుపచ్చ పిడి సంగతి తెరేసమ్మ చావబోయే ముందు చెప్పింది. "మీ అమ్మదా ఇది?" అన్నాను. "అమ్మదే. అత్త దాచి ఉంచిందంట నాకోసం. అమ్మకి బాగా పనిచేసిందంట కదా నాన్నా."

బాగా పనిచేసిందంట. గుడిలో పాట మొదలైంది, హార్మోనియం శ్రుతి ఎప్పుడూ ఒక మెట్టు దిగే ఉంటుంది, ఉపదేశి లాజరు గొంతు దానికంటే ఒక మెట్టు ఎక్కే ఉంటుంది. తెరేసమ్మ వీళ్లిద్దరి మధ్యా పాడేది. గుడి గోడలకు వినపడే గొంతు కాదు, పక్కనున్నవాళ్లకు వినపడే గొంతు. సన్నటి మనిషి. నాట్లకు దిగితే వరసలో అందరికంటే ముందుండేది, వంగితే లేచేది కాదు. ఆ సన్నటి మనిషికి మార్త పుడితే రెండేళ్లు పాలిచ్చింది, చుట్టుపక్కల ఏ తల్లికి పాలు చాలకపోయినా పిల్లను తెచ్చి దీని ఒళ్లో పడేసేవాళ్లు. రూతు పెద్దకొడుకు తాగలేదూ? ఆ రొమ్ముకు పేరు పెట్టింది శౌరమ్మ. పలక. మా పెళ్లైన కొత్తల్లోనే పెట్టింది. "ఏమే పలకా, మావాడు నీ మీద అఆలు దిద్దుతున్నాడా?" ఆడవాళ్లందరూ నవ్వేవాళ్లు. తెరేసమ్మా నవ్వేది. "దిద్దితే దిద్దాడొదినా, నీ మొగుడు నీ మీద ఎక్కాలు చదువుతున్నాడంటగా" అనేది. అలా అనగలిగినన్నాళ్లు బాగానే ఉంది. మార్త పెద్దదయ్యాక దానికీ పేరు పెట్టింది. పలక కూతురు బలపం. అప్పటినుంచి తెరేసమ్మ నవ్వడం మానేసింది. నేను చూశాను ఆ మానేయడం. అక్కను ఒకసారి అన్నాను కూడా, నోరు మూసుకోమన్నాను, నీ నోట్లో సిమెంటు పోస్తానన్నాను. "హాస్యానికి కూడా పనికిరాం ఏంట్రా మేము?" అని ఏడ్చింది. ఏడ్చింది కాబట్టి తప్పు నాదైంది. మా అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

పటమటలో శౌరమ్మ మొగుడు అంతోనికి సైకిలు షాపుంది, అది వదిలి ఇవాళ పూజకు రాలేదు. వాడికి చేతులున్నాయి, బుర్ర శౌరమ్మది. ఏదో వారపత్రికలో ప్రకటన వచ్చిందంట, గిన్నె, గొట్టం, రబ్బరు బుడ్డి, ఆడవాళ్ల అందానికి, వీపీపీలో పంపబడును అని. అది పోస్టులో తెప్పించుకోవడం శౌరమ్మకు ఇష్టం లేక, అదెంత పని నువ్వే చెయ్యి అని మొగుడి ముందు ఆ బొమ్మ పడేసింది. వాడు చేశాడు. పంపు లోపల తోలు వాషరు ఉంటుంది, దాన్ని తిరగేసి బిగిస్తే గాలి కొట్టాల్సిన పంపు గాలి లాగుతుంది. కొబ్బరి చిప్పకు కన్ను దేవుడే పెట్టాడు, అందులోంచి గొట్టం దూర్చాడు. అంచుకు ట్యూబు ముక్క, పంక్చర్లు వేసే సొల్యూషను. అదీ మిషను. అందం మిషను. అంతోని నాతో చెప్పింది ఇదంతా, తెరేసమ్మను మట్టి చేసి వచ్చిన రోజు, కల్లు తాగి, కాలవ గట్టున కూర్చుని. నాకేం తెలుసు బావా, అది చెయ్యమంది, నేను చేశాను అన్నాడు. వాణ్ణి కొట్టలేదు. ఎందుకు కొట్టలేదో ఈ రోజుకూ అర్థం కాదు. వాడి ముఖం చూస్తే చెయ్యి లేవలేదు. వాడిది పంపు లాంటి ముఖం, ఎవరు తిప్పి బిగిస్తే అటు పనిచేస్తాడు.

ఫాదర్ గారు ప్రసంగంలోకి వెళ్లారు. కుర్రవాడు, గుంటూరు వైపు నుంచి కొత్తగా వచ్చాడు. ఓర్పు గురించి చెబుతున్నాడు. తెరేసమ్మ ఓర్పు గల స్త్రీ అంట, బాధను ఓర్చుకుందంట. ఎవరు చెప్పారు నీకు? ఓర్చుకుంది నిజమే, ఏది ఓర్చుకుందో నీకు తెలుసా? కందిపోయి నల్లబడిన చర్మాన్ని ఓర్చుకుంది. ఒకదాని మీద ఒకటి పడిన గుండ్రటి మచ్చల్ని ఓర్చుకుంది. నేను దగ్గరికెళితే దీపం తీసేయమనేది. రవిక విప్పేది కాదు. నేనేమనుకున్నాను, వయసొచ్చింది, పిల్ల ఎదిగింది, సిగ్గుపడుతోంది అనుకున్నాను. నేనెప్పుడన్నా అడిగానా, నువ్వు ఇలా ఉండు, అలా ఉండు అని? ఒక్కసారి అన్నానా? నీ కోసమే చేసుకుందిరా అంటుంది శౌరమ్మ. నా కోసమా? నా కోసమైతే నన్నడగాలి. నన్నడగలేదు తెరేసమ్మా నువ్వు. పటమట వెళ్లి ఆ ముండను నమ్మావు. "ఇబ్రహీంపట్నంలో ఆడకూలీలు ఎట్టా ఉంటారో తెలుసా నీకు? తట్ట మోస్తే ఒళ్లు బిగుస్తది. మా తమ్ముడు శనివారం శనివారం వస్తున్నాడని ధీమాగా ఉండకే పలకా, ఒక శనివారం రాడు" అని చెప్పిందంట. చెప్పింది అదే, మందు ఇచ్చింది అదే. చావబోయే ముందు నువ్వు చెప్పావు నాకు ఇదంతా. ముందు చెప్పాల్సింది. నీ మీద కూడా నాకు కోపం ఉంది. పూజ పెట్టించాను, కొవ్వొత్తులు వెలిగించాను, కోపం మాత్రం పోలేదు, దాన్ని ఏ కొవ్వొత్తి కరిగిస్తుందో ఆ ఫాదర్ గారిని చెప్పమను.

అన్నిటికంటే నన్ను తినేస్తున్నది ఇది. తెరేసమ్మ సంతోషపడింది. కొన్నాళ్లకు ఎడమ పక్క పెరిగింది. గట్టిగా చేతికి తగిలింది. పంపు పనిచేస్తోంది అనుకుంది. శౌరమ్మకు చూపించింది. శౌరమ్మ తడిమి చూసి, "నే చెప్పలా? ఒక పక్క ముందు పెరుగుద్ది, రెండోది తర్వాత అందుకుంటది. ఆపమాకు" అంది. ఆపలేదు. గుణదల తిరణాళ్లకు వెళ్లి కొండెక్కి మేరీమాతకు కొబ్బరికాయ కొట్టి వచ్చింది. దేనికి మొక్కావే అంటే నవ్వి, ఆడవాళ్ల మొక్కులు మగాళ్లకెందుకు అంది. చాలాకాలానికి నవ్వింది కదా అని నేనూ నవ్వాను. దిగేటప్పుడు మెట్ల మీద జీళ్లు కొనిపెట్టాను. చావును లోపల పెట్టుకుని, అది పెరుగుతోందని దేవుడి తల్లికి థాంక్స్ చెప్పి, జీళ్లు నముల్తూ దిగింది నా పెళ్లాం. మార్త అడుగుతోంది, బాగా పనిచేసిందంట కదా నాన్నా అని. మార్తకు గడ్డ అని మాత్రమే తెలుసు. అమ్మకు గడ్డ వచ్చింది, ముదిరింది, పోయింది. ఆడపిల్లకు ఇవన్నీ ఏం చెబుతాం అని నేను చెప్పలేదు. శౌరమ్మ మాత్రం చెప్పింది, సగం చెప్పింది. పటమట తీసుకెళ్లి తన దగ్గర పెట్టుకుని టైపు నేర్పిస్తానని వచ్చింది నిన్న సాయంత్రం. ఒళ్లు కాస్త చెయ్యాలి పిల్లకి అంది అన్నం తింటూ. నేను తిండి గురించి అనుకున్నాను.

విజయవాడలో లేడీ డాక్టరు నన్ను బయటకు పొమ్మంది. ఆకుపచ్చ గుడ్డ తెర ఇవతల నిలబడ్డాను. "ఈ గుండ్రటి మచ్చలేంటమ్మా?" మళ్లీ అడిగింది, మెల్లగా. అప్పుడు తెరేసమ్మ గొంతు, పాటలో వినపడే గొంతు కాదు, బళ్లో తప్పు చేసిన పిల్ల గొంతు. "మిషనండీ." ఏ మిషను అంది డాక్టరమ్మ. చెప్పింది. డాక్టరమ్మ చేతులు కడుక్కుంటున్న చప్పుడు. బయటకొచ్చి నన్ను కూర్చోమంది. తాపీవాణ్ణి, సిమెంటు చేతులు, ఆవిడ కుర్చీలో కూర్చోమంటే భయం వేసింది. "ఆ మిషను వల్ల ఇది రాలేదు. కానీ ఆ మిషను దీన్ని దాచింది. వాపు దానిదే అనుకుంది, మచ్చలు దానివే అనుకుంది. ముందే తెచ్చి ఉంటే వేరుగా ఉండేది. బాగా ఆలస్యమైంది." ఆ నాలుగు మాటల్లో మొదటిది శౌరమ్మ పట్టుకుంది. డాక్టరమ్మే చెప్పింది కదరా, దానివల్ల రాలేదని, నన్నెందుకు అంటావు? ఏడాదిగా నాతో ఇదే పాట. రెండో మాట దాని చెవికి ఎక్కలేదు. ఎక్కితే ఈ మూట దాచి ఉంచేదా? శవం లేవకముందే అటకెక్కి వెతికి తీసుకుపోయిందంట దీన్ని. దాచి, తుడిచి, నా పిల్ల కోసం తెచ్చింది. అమ్మది, జాగ్రత్తగా వాడుకో అని.

కానుకలకు లేచారు. నడి దారిలో పెద్ద తట్ట పెట్టారు. గుమ్మడికాయ, సొరకాయలు, కోడిపుంజు కాళ్లు కట్టి, గుడ్లు, చిన్న సంచిలో కొత్త బియ్యం. మా గుడిలో ఇది మామూలే. తట్టలో పడింది దేవుడిది. పూజ అయ్యాక లాజరు బయట అరుగు మీద నిలబడి ఒక్కొక్కటే పైకెత్తి వేలం వేస్తాడు, వచ్చింది గుడికి. తట్టలో పడ్డదాన్ని ఇచ్చినవాడు కూడా వెనక్కి తీసుకోవడానికి లేదు. తీసుకున్నవాళ్లు ఇంతవరకు లేరు. పొద్దున దీన్ని ఏం చెయ్యాలో తెలియలేదు, బావిలో వెయ్యాలనుకున్నాను, పొయ్యిలో పెట్టాలనుకున్నాను. కాల్చేస్తే ఏమవుతుంది? పటమటలో సైకిలు షాపుంది. కొబ్బరి చిప్పలకు ఈ దేశంలో కరువా? మార్త రేపు వెళుతుంది, అక్కడ కొత్తది చేస్తారు. చాటుగా ఉన్నన్నాళ్లు ఇది చావదు. లేచాను. శౌరమ్మ ఏడుపు ఆపి చూసింది. నా చేతిలో తువ్వాలు చూసి, తమ్ముడు పెళ్లాం పేరున ఏదో ఇస్తున్నాడనుకుని, ముఖం మళ్లీ ఏడుపులోకి తిప్పింది. తట్టలో గుమ్మడికాయ పక్కన పెట్టాను. వచ్చి కూర్చున్నాను.

గంట కొట్టారు. తలలు వంచారు. ఫాదర్ గారు ఒకరికొకరు సమాధానం, అంటే శాంతి, చెప్పుకోమన్నారు. ఇదొకటి కొత్తగా పెట్టారు, పక్కవాళ్లకు చేతులు జోడించాలి, కోపాలు వదులుకోవాలి. శౌరమ్మ మోకాళ్ల మీద ఇటు తిరిగింది. కళ్లు ఎర్రగా, ముక్కు ఎర్రగా, రెండు చేతులూ జోడించి, గుడంతా చూసేట్టు నాకేసి చాపింది. అందరూ నన్నే చూస్తున్నారు. ముసలి శౌరి తాత మోచేత్తో పొడిచాడు. జోడించరా, అక్క. నా చేతులు నా తొడల మీదే ఉన్నాయి. దేవుడు క్షమించమన్నాడు, విన్నాను. దేవుడికి చెల్లెలో అక్కో ఉంటే తెలిసేది. అది అలాగే జోడించి ఉంచింది, ఎంతసేపు ఉంచగలవో ఉంచు. చివరికి అదే చేతులు దించి కొంగుతో ముఖం కప్పుకుంది. సత్ప్రసాదానికి నేను లేవలేదు. కోపం పెట్టుకుని ఆ అప్పానికి నాలుక చాపేంత అబద్ధాలకోరును కాను.

పూజ అయింది. అరుగు కింద జనం చేరారు, ఆడవాళ్లొక పక్క, మగవాళ్లొక పక్క. ఎండ వచ్చింది. లాజరుకు వేలమంటే పండగ. గుమ్మడికాయ ఎత్తి, "ఇది కాయ కాదు, అంతోని బావ పొట్ట! ఎంతకి పాడతారు?" అన్నాడు. నవ్వులు. కోడిపుంజు పోయింది, గుడ్లు పోయాయి. తువ్వాలు ఎత్తాడు. "జక్కయ్య కానుక. బరువుందిరోయ్" అంటూ విప్పాడు. పంపు, గొట్టం, చిప్ప. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "ఇదేం పంపయ్యా జక్కయ్యా? సైకిలు లేనోడివి నీకెందుకిది?" అని చిప్పను అరచేతికి ఆనించి పిడి లాగాడు. కిస్స్ మంది. చిప్ప చేతిని పట్టుకుంది, ఊడలేదు. ఊపాడు. పిల్లలు గొల్లుమన్నారు. పీకితే ఊడింది, అరచేతిలో ఎర్రగా గుండ్రటి మచ్చ. "ఓరి దీనమ్మ, జలగలా పట్టిందే!" అని చెయ్యి ఎత్తి అందరికీ చూపించాడు.

పిల్లలు నవ్వుతున్నారు, మగవాళ్లు నవ్వుతున్నారు. నేను శౌరమ్మ ముఖం చూద్దామని ఆడవాళ్ల వైపు తిరిగాను. అక్కడ నవ్వు లేదు. ఒకతె కొంగు గుండెల మీదికి లాక్కుంది. దాని పక్కావిడ లాక్కుంది. వెనక వరసలో కొత్తకోడలు తల వంచుకుని రెండు చేతులూ ముడుచుకుంది. అరుగు చుట్టూ, ఒకరి తర్వాత ఒకరు, చలిగాలి వచ్చినట్టు కొంగులు లాక్కుంటున్నారు. ముగ్గురికే తెలుసనుకున్నాను. అంతోని ఇలాంటివి ఎన్ని చేశాడో, ఇది ఒక్క మా దొడ్లోనే మోగలేదు. రూతు మొగుడు సైకిలుకు గాలి కొట్టుకుంటున్నాడని ప్రతి ఇంట్లో ఒకడు నాలాగే అటు తిరిగి పడుకున్నాడు.

"పావలా" అంది శౌరమ్మ. గొంతు పీలగా ఉంది. "పావలా, లాజరన్నా, కొట్టెయ్." లాజరు తెల్లబోయాడు. "అది సరే, ఇదేంటో చెప్పకుండా ఎట్టా వేలం?" అప్పుడు నేను చెప్పాను. గొంతు పెంచలేదు. "ఆడవాళ్ల రొమ్ములు పెంచే మిషను. మా అక్క చేయించింది. తెరేసమ్మకి ఎడమ పక్క గడ్డ లేస్తే మిషను పెంచిందనుకుంది. డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి అయిపోయింది. ఇవాళ పొద్దున ఇది నా కూతురి చేతిలో దొరికింది." అంతే చెప్పాను. మార్త మెట్ల దగ్గర నిలబడి ఉంది. దాని ముఖం చూడలేకపోయాను. "అబద్ధంరా! డాక్టరమ్మే అంది..." అని శౌరమ్మ మొదలుపెట్టింది. ఎవరూ దాని వీపు నిమరలేదు. లాజరు మూడుసార్లు పావలా అన్నాడు, మెల్లగా, శవం దగ్గర అన్నట్టు. పాడినవాళ్లు వచ్చి తీసుకోవాలి. శౌరమ్మ లేచింది. ఆడవాళ్లు దారి ఇవ్వడానికి జరిగారు, కావలసినదానికంటే ఎక్కువ జరిగారు. అందరి మధ్య నడిచి వెళ్లి రెండు చేతులతో తీసుకుంది. నేను కోరుకున్నది ఇదే. ఏడాదిగా కోరుకున్నది. చూశాను. ఆకలి తీరలేదు.

"అన్నయ్యా." రూతు. ఎప్పుడొచ్చిందో నా వెనక నిలబడి ఉంది, నేలకేసి చూస్తోంది, ఎవరితోనూ మాట్లాడనట్టు మాట్లాడుతోంది. "ఒక పక్కే పెరిగితే... రెండోది తర్వాత అందుకుంటదంది శౌరమ్మక్క."

రూతు వైపు తిరిగాను. "నొప్పుందా?"

"లేదన్నయ్యా. నొప్పే లేదు. మంచిదేగా అనుకున్నా. ఆయనకి చెప్పలా."

తెరేసమ్మ కూడా నొప్పి లేదనే అంది. ఇంట్లో భోజనాలు ఉన్నాయి, విస్తళ్లు వేసి ఉంటారు, పప్పు దించి ఉంటారు. శౌరమ్మ వెనక నుంచి పిలుస్తోంది, ఒరే జక్కయ్యా, ఒరే, అని. నేను తిరగలేదు. మార్త మెట్లు దిగి వచ్చి రూతు చెయ్యి పట్టుకుంది, నన్నేమీ అడగలేదు.

"మీ ఆయన సైకిలెక్కడ?" అన్నాను.

"అక్కడే, గోడ పక్కన."

"ఆయన్ని పిలు మార్తా. సైకిలు తీయమను. ఈవిణ్ణి వెనకాల కూర్చోబెట్టుకుని పామర్రు తొక్కమను, మనం నడిచొస్తాం, అక్కడ విజయవాడ బస్సెక్కుదాం. ఆ డాక్టరమ్మ ఎక్కడుంటదో నాకు తెలుసు."

"ఇప్పుడేనా అన్నయ్యా? ఇవాళ సంవత్సరీకం కదా."

"ఇప్పుడే. నడు."